చన్నీళ్ళ కాఫీ

ఉదయం ఎనిమిదైంది. ఆమె ఫ్రిజ్ లోంచి కాఫీ సీసా తీసి పలచటి గుడ్డలో వడకట్టసాగింది. నిన్న సాయంత్రం నాలుగింటికి చన్నీళ్ళలో వేసిన పొడి. పదహారు గంటలు నానింది. గుడ్డను పిండకూడదు, పిండితే మడ్డి దిగుతుంది. చుక్క చుక్కగా దానంతటది దిగేదాకా నిలబడాలి.

నిలబడటమే ఆమెకు కష్టం. పోయినేడు గుండెకు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఏ పని పట్టుకున్నా సగంలోనే ఆయాసం. మనసు కష్టపెట్టే మాట చెవిన పడనీయొద్దని డాక్టరు తమ్ముణ్ణీ మరదల్నీ పక్కకు పిలిచి మరీ చెప్పాడు. ఇంట్లోనే కూర్చుని ఒక ప్రెస్సుకు ప్రూఫులు దిద్దుతుంది. ఒత్తులూ దీర్ఘాలూ వెతికి వెతికి సాయంత్రానికి కళ్ళు మండుతాయి. అయినా ఈ రెండు సీసాల పని మాత్రం మానదు.

కాఫీ తమ్ముడికి. ఐస్ టీ మరదలికి.

తమ్ముడిది రాత్రి డ్యూటీ. మరదలిది పగలు. అతను ఇల్లు చేరేసరికి భార్య బస్సెక్కేసి ఉంటుంది. ఆమె తిరిగొచ్చేసరికి అతను మెట్లు దిగిపోయి ఉంటాడు. సెలవు రోజున మరదలు పుట్టింటికి పోతుంది. ఒకే గది, ఒకే మంచం, వంతులవారీగా.

ఏడాది పైనే అయింది ఇద్దరికీ మాటల్లేక. దేని మీద మొదలైందో ఆమె అడగలేదు. ఇల్లు రెండు ముక్కలు కాకుండా ఉంటే చాలనుకుంది. ఏదో వారపత్రికలో చూసి ఈ చన్నీళ్ళ కాఫీ, ఐస్ టీ మొదలుపెట్టింది. వడకట్టడం అయ్యాక రెంటిలోనూ ఒక చిన్న అబద్ధం కలుపుతుంది. కాఫీ మరదలు పెట్టిందంటుంది. టీ తమ్ముడు పెట్టాడంటుంది. సాయంత్రం ఆరింటికి గానీ ఇల్లు చేరని మనిషి నాలుగింటికి పొడి ఎలా నానబెట్టిందని ఆ ఇంట్లో ఎవరూ లెక్క వేయరు.

సీసా నింపి, నిన్న మిగిలిన టీ సీసా పక్కనే పెట్టింది. రెండూ ఒకే రకం సీసాలు. ఈలోగా ప్రెస్సు వాళ్ళ ఫోను. మాట్లాడి వచ్చేసరికి తమ్ముడు చెప్పులు విడుస్తున్నాడు.

"గుడ్లగూబ గారు దయచేశారా?"

"దయచేశారు. ఇక చెట్టెక్కి పడుకుంటారు."

"ముందు ఇది తాగి ఎక్కరా. నీ కోసమని మీ ఆవిడ నిన్న నానబెట్టింది."

స్టీలు గ్లాసు నిండా పోసి ఇచ్చింది. తమ్ముడు నిలబడే ఒక గుక్క తాగి ఆగాడు. గ్లాసులోకి చూశాడు. అక్క ముఖంలోకి చూశాడు. మిగతాది గడగడా తాగేశాడు.

"ఎలా ఉందిరా?"

"దిట్టంగా ఉంది. కాఫీ అంటే ఇదీ అని తనతో చెప్పు."

"నీకు నోరు లేదూ? నువ్వే చెప్పరాదూ?"

"నువ్వు చెప్తేనే బాగుంటుందక్కా."

గది తలుపు మూసుకుంది. ఆమె గ్లాసు కడగబోతే అడుగున నిమ్మగింజ కనిపించింది.

కాఫీలో నిమ్మగింజ ఎక్కడిది? సీసాలు వాసన చూసుకుంది. తప్పులు పట్టి బతికే మనిషి తన వంటింట్లోనే తడబడింది. సిగ్గనిపించింది. ఆ తర్వాత సిగ్గు పోయి ఇంకేదో మిగిలింది. వాడికి తెలియలేదా, తెలిసే తాగాడా? పొద్దంతా ప్రూఫుల మీద కళ్ళున్నాయే గాని ఒక్క అక్షరం లోపలికి పోలేదు.

సాయంత్రం ఆ తప్పు దిద్దలేదు. మరదలు వచ్చి, బ్యాగు దించి, కుర్చీలో కూలబడగానే కాఫీ సీసానే తీసి గ్లాసు నింపింది.

"మీ ఆయన పెట్టిన టీ. పడుకోబోయేవాడల్లా గుర్తు తెచ్చుకుని మరీ పెట్టాడు."

మరదలు ఒక గుక్క తాగింది. కనుబొమలు ఒక్క క్షణం ముడిపడి విడిపోయాయి.

"అబ్బ! ప్రాణం లేచొచ్చింది వదినా. మీ తమ్ముడికి నిమ్మకాయ పాళ్ళు భలే కుదిరాయివాళ."

"వట్టి పొగడ్తలేనా?"

"వట్టివేం కాదు. చూడండి, గ్లాసు ఖాళీ." చేదును మింగడానికి మధ్యలో రెండుసార్లు ఆగింది గాని, నిజంగానే ఖాళీ చేసింది. "అది సరే, మీ కాళ్ళేంటి అలా వాచాయి? పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నారు కదూ! ఇలా పెట్టండి వదినా."

మరదలు కింద కూర్చుని, ఆమె పాదాల కింద దిండు సర్దింది. ఆ వేళ్ళు కూడా అలిసిపోయే ఉన్నాయి. అయినా తొందరపడలేదు. పొద్దున వాడూ అంతే, మారు మాట లేకుండా మింగేశాడు. తన తడబాటును కప్పిపుచ్చడానికి ఇద్దరికీ ఇంత ఓపిక ఉంది. అందులో పావు వంతు ఒకరి మీద ఒకరు చూపించుకుని ఉంటే!

ఆమె మరదలి తల మీద చెయ్యి వేసింది.

"ఏంటి వదినా?"

"ఏం లేదు. ఇంకో గ్లాసు పొయ్యనా?"

మరదలు ఉలిక్కిపడి, నవ్వేసింది. "వద్దు వదినా! రేపటికి ఉంచండి."

"రేపు మళ్ళీ పెట్టమని మీ ఆయనతో చెప్తానులే," అంది, మూడు నెలల కిందట కోర్టు నుంచి వచ్చిన వాళ్ళ విడాకుల తీర్పు కవరును ఆవిరి మీద విప్పి చదివి, మళ్ళీ అతికించి, ఏమీ ఎరగనట్టు తమ్ముడి బల్ల మీద పెట్టిన ఆ వదిన.