పుస్తకాల పద్దు

"ఆ లెక్క చెప్పడానికి వీల్లేదమ్మా. అది రహస్యం," అన్నాడు లా ఆఫీసరు, ఫైలు మీద చెయ్యి వేసి.

లైబ్రేరియన్ కూర్చోలేదు. ఉద్యోగుల వరసలో ఆమె ఒక్కతే నిలబడి ఉంది. ఇంకో పావుగంటలో ఊరి లైబ్రరీకి తాళం వేసే తీర్మానం మునిసిపల్ సభలో ఓటుకు వస్తుంది. డబ్బు లేదు కాబట్టి మూసేస్తున్నామని అజెండాలో రాశారు. పంతొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆ తలుపు తీస్తున్న మనిషి ఆ మాటను ఊరికే మింగుతుందా?

"మన మునిసిపాలిటీ మీద కేసు వేసి గెలిచినవాళ్ళ వకీళ్ళకి మనం ఎంత ఫీజు కట్టామని అడిగాను సార్. కోర్టు కట్టమంది, మీరు కట్టారు. కట్టింది జనం డబ్బు. ఇందులో రహస్యం ఏముంది?"

"ఓడిపోయామని ఎవరైనా దండోరా వేసుకుంటారా?"

"పోయినేడు గెలిచిన రెండు కేసులకీ పేపర్లో ఫొటోలు వేయించారుగా."

గ్యాలరీలో జనం నవ్వారు. మామూలు రోజుల్లో అక్కడ ఈగలు తోలుకోవాల్సిందే. ఈ రోజు కుర్చీలు చాలక గోడలకి చేరబడి నిలబడ్డారు. లైబ్రరీ అంటే ఊళ్ళో ఇంత ప్రేమ ఉందా అని ఛైర్మన్‌కే ఆశ్చర్యం వేసింది.

వెనక వరసలోంచి సెలూన్ ఆయన లేచాడు. అతని కొట్టుకి తప్పుడు నోటీసుతో సీలు వేసి, కోర్టులో చీవాట్లు తిని, మళ్ళీ తెరిచింది ఈ ఆఫీసే.

"అయ్యా, నా వకీలుకి మీరు మూడు లక్షల పన్నెండు వేలు కట్టారంట. నా కొట్టు కుర్చీలతో సహా అమ్మినా అంత రాదు. మొదట్లోనే పొరపాటైందని ఒక్క ముక్క అనుంటే పోయేది కదా."

లా ఆఫీసరు ఉలిక్కిపడ్డాడు. "ఆ అంకె నీకెవరు చెప్పారు?"

"ఊరంతా అనుకుంటున్నారండి."

ఛైర్మన్ బల్ల చరిచాడు. "కబుర్లు చెప్పుకోడానికి ఇది సెలూన్ కాదు, కూర్చో. చూడమ్మా, అసలు సంగతికి వద్దాం. పోయినేడు పుస్తకాల పద్దు కింద ఇరవై ఆరు లక్షలు ఖర్చయింది. ఇంత తినే లైబ్రరీని ఎవరు మేపుతారు?"

"ఆ ఇరవై ఆరు లక్షలూ పుస్తకాలకే అయిందంటారా?"

"లెక్కల్లో రాసుంది కదా."

"పోయినేడు మాకు ఒక్క పుస్తకం రాలేదు సార్. విరిగిన బెంచీకి మేకులు కూడా నా డబ్బుతోనే కొన్నాను. అయినా పెద్దవారు మీరంటున్నారు కాబట్టి మినిట్స్‌లో రాయించండి. ఆ బిల్లులన్నీ లైబ్రరీవేనని."

"రాయవయ్యా," అన్నాడు ఛైర్మన్ గుమాస్తాతో, దర్జాగా.

గుమాస్తా రాసేదాకా ఆగి, ఆమె చేతిసంచిలోంచి ఓ పాత కాగితం తీసి మడత విప్పింది.

"పుస్తకాల పద్దులో కట్టిన ప్రతి బిల్లు నకలూ లైబ్రరీకి పంపాలి. వచ్చిన నకలు లైబ్రరీ నోటీసు బోర్డు మీద అంటించాలి. ఈ సభ చేసిన రూలే ఇది. పాత లైబ్రేరియన్ డబ్బు తినేస్తున్నాడని అనుమానపడి, పట్టుబట్టి చేయించింది తమరే. అకౌంట్స్ వాళ్ళు బుద్ధిమంతులు సార్, రూలు తప్పలేదు. పదకొండు నకళ్ళు పంపారు. పదకొండూ వకీళ్ళ ఫీజు రసీదులే."

లా ఆఫీసరు ఛైర్మన్ చెవి దగ్గరికి వంగాడు గానీ, మైకు కట్టెయ్యడం మర్చిపోయాడు.

"నేను అప్పుడే వద్దన్నాను సార్. పుస్తకాల జోలికి ఎవడొస్తాడు, ఆ పద్దులో తోసెయ్యమన్నది మీరే."

ఛైర్మన్ గొంతు సవరించుకున్నాడు. "ఆ బిల్లులు లైబ్రరీవి కావు. పొరపాటున ఆ పద్దులో పడ్డాయి. కాబట్టి బోర్డు రూలు వాటికి వర్తించదు. అంతే."

"అలా అయితే ఆ ఇరవై ఆరు లక్షలూ లైబ్రరీకి తిరిగి రావాలి కదండీ. డబ్బుంటే ఇంక తాళం దేనికి?"

ఛైర్మన్ లా ఆఫీసరు వైపు చూశాడు. లా ఆఫీసరు ఫ్యాను వైపు చూశాడు. ముందుకు వెళ్తే నుయ్యి, వెనక్కి వెళ్తే గొయ్యి.

"రాయవయ్యా," అన్నాడు ఛైర్మన్. ఈసారి గొంతులో దర్జా లేదు. "బిల్లులు లైబ్రరీవి కావు. డబ్బు తిరిగి జమ చెయ్యాలి. మూసివేత తీర్మానం రద్దు."

సభ్యుల చేతులన్నీ లేచాయి. వద్దన్నవాడు ఒక్కడూ లేడు. గ్యాలరీలో చప్పట్లు మోగిపోయాయి, సెలూన్ ఆయన ఈల కూడా వేశాడు. లైబ్రేరియన్‌కి సంతోషంతో కళ్ళ నీళ్ళు తిరిగాయి. చేతిసంచిలో ఉన్న తాళంచెవిని ఒకసారి తడిమి చూసుకుంది.

సందడి కాస్త తగ్గాక ఛైర్మన్ ఆమెను దగ్గరికి పిలిచి చెయ్యి చాపాడు.

"నీ లైబ్రరీ నీకు దక్కింది కదా. ఇంక ఆ పదకొండు నకళ్ళూ ఇలా ఇచ్చెయ్యి తల్లీ."

"ఇచ్చేదాన్నేనండి, బంక గట్టిగా పట్టేసింది," అందామె. "సోమవారం నుంచీ బోర్డు మీదే ఉన్నాయి. ఇవాళ గ్యాలరీకి వచ్చినవాళ్ళంతా అవి చదివే వచ్చారు."