తాబేలు ఎక్కిన వీపు

దగ్గరికి జరిగి కూర్చోండర్రా. గేదె తమ గుడ్లు తొక్కేస్తోందని మడుగులో కప్పలు మొరపెట్టుకుంటే, విచారించి రమ్మని ఏనుగురాజు తాబేలును పంపాడు.

దారిలో ఆ గేదే ఎదురొచ్చింది. "ఎండకు కాళ్లు కాలిపోతున్నాయి కదా మావా, నా వీపెక్కు. ఊరికేలే," అంది. పాపం, తాబేలు ఎక్కింది.

గేదె మీంచి అది దిగడం కప్పలన్నీ చూశాయి. "మాకేం కష్టం లేదు బాబూ," అంది ముసలి కప్ప. చితికిన గుడ్లు ఒడ్డునే కనిపిస్తున్నాయి. తాబేలు సిగ్గుతో తల డిప్పలోకి లాక్కుంది.

గేదెను పొమ్మని, బయల్దేరిన చోటికి తిరిగి వెళ్లి, మళ్లీ నడుచుకుంటూ వచ్చింది. బొబ్బలెక్కిన దాని కాళ్లు చూసి ముసలి కప్ప పక్కకు జరిగింది.

"నీళ్లలో కాళ్లు పెట్టుకో నాయనా. ఇప్పుడు చెబుతాం, విను."

ఇక ఇళ్లకెళ్లి అన్నాలు తినండి. నడిచే వెళ్లండర్రోయ్.