బల్ల కింద

"వడ్రంగం చేసే మా నాన్న నా మీద ఎన్నడూ చెయ్యెత్తలేదు. అందుకే భయమంటే తెలియదు" అని వేదిక మీద చెప్పి, చప్పట్ల మధ్య వెనక గదిలోకి వచ్చాడు పేరుమోసిన తత్వవేత్త. వచ్చీ రాగానే చెంప ఛెళ్లుమంది.

కొట్టింది సొంత అక్క.

"మరి నాన్న కొలబద్దలు ఎవరి వీపున విరిగాయిరా?" అంటూ కాలర్ పట్టుకుని గోడకేసి గుద్దింది. పెదవి చిట్లి నెత్తురొచ్చింది.

"మెల్లగా అక్కా, బయట జనం ఉన్నారు."

"నన్ను బాదుతుంటే అప్పుడూ నోరు మెదపలేదు నువ్వు."

గొడవ విని కాపలావాడు లాఠీ ఎత్తి దూసుకొచ్చాడు. లేచిన కర్రను చూడగానే అక్క చేతులు వాటంతటవే కదిలాయి. ఒకప్పుడు నాన్న ముందు చేసినట్టే తమ్ముణ్ణి బల్ల కిందికి తోసేసి, తాను అడ్డంగా వంగింది.

లాఠీ ఆమె వీపున పడింది. మళ్లీ పడింది.

ఆపమని అరవబోయాడు. నోరు పెగల్లేదు.

ఆ చప్పుడు అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. నొప్పి ఒక్కటే తెలియదు.