లోవలక్ష్మి కంచం

తొంభై ఎనిమిదిలో ఉప్పాడలో మా పరిశోధన ఇది. సముద్రంలో వేలాడదీసిన స్టీలు రేకులకి పాకుడు పట్టేకొద్దీ వోల్టుమీటరులో అంకె పెరుగుతుంది. తోమేస్తే పడిపోతుంది. రేకులు చాలకపోతే, మాకు వండిపెట్టే లోవలక్ష్మి తన పేరు కొట్టించిన కంచం ఇచ్చింది. ఆమె భర్త తుపానులో చేపల వేటకెళ్ళి తిరిగిరాలేదు.

వారానికి రేకులన్నిటి అంకెలూ పెరిగాయి. కంచం అంకె మాత్రం ఏ రాత్రికారాత్రి మొదటికొచ్చేది.

ఒక రాత్రి కంచాన్ని పైకి లాగాం. టార్చి వెలుగులో తళతళలాడింది.

"ఎవరో తోమినట్టుందమ్మా," అన్నాను.

పక్కనే ఉన్న లోవలక్ష్మి కంచం మీది తన పేరును వేలితో మెల్లగా తడిమింది.

"నాకు నడుం నొప్పని రాత్రిపూట అంట్లు మా ఆయనే తోమేవోరండి."

కంచాన్ని ఓసారి తిప్పి చూసింది.

"అయ్యో, ఇన్నాళ్ళూ ఖాళీ కంచమే దించామండీ!" అంటూ అన్నం తేవడానికి లేచింది.