మసక బొమ్మలు

“ఊపిరి బిగపట్టమంటే పట్టరేంటండీ! బొమ్మలన్నీ మసగ్గా వచ్చాయి. పిత్తనాళంలో రాయి ఉందో లేదో ఎలా తెలుస్తుంది?” స్కాను గదిలోంచి బయటికి తీసుకొస్తూ పెద్దాయన్ని కసిరాను.

“ఆఁ? ఏంటమ్మా?” అన్నాడు చెవి దగ్గర చెయ్యి పెట్టి.

నాలుక కరుచుకున్నాను. లోపల అయస్కాంతం ఉంటుందని వినికిడి మిషను తీయించింది నేనే. ఇక మైకులో ఎంత అరిస్తే ఏం లాభం!

మిషను చెవికి పెట్టుకున్నాక చెప్పాను. “మళ్ళీ తీయాలి, బాబాయిగారూ.”

“మళ్ళీ ఆ గుహలోకా? నా వల్ల కాదు.”

“వెంట ఎవరొచ్చారు? పక్కన నిలబడి, చెయ్యి పట్టుకుని సైగ చేస్తే చాలు.”

“నా నీడొచ్చింది. పిలవనా?”

తోటి అమ్మాయిని కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టి, గాజులూ వాచీ తీసేసి నేనే లోపలికెళ్ళాను. నేను చెయ్యి నొక్కితే ఆయన ఊపిరి బిగపట్టాలి, పట్టు సడలిస్తే వదలాలి. స్కాను దడదడలాడినంతసేపూ ఒక్కసారి కూడా తప్పలేదు.

బయటికొచ్చి కుర్చీలో కూర్చుని, చెవికి మిషను పెట్టుకుని, “ఎలా వచ్చాయమ్మా?” అన్నాడు.

“అద్దంలా వచ్చాయి. ఇక ఇంటికెళ్ళొచ్చు.”

ఆయన లేవలేదు.

“ఇంకోసారి చూడమ్మా. ఎక్కడైనా మసగ్గా ఉందేమో.”