ఏలేటిపాటి వాళ్లు

ఉదయ్‌కి పందొమ్మిదేళ్లు. వాడి ఎముకల్లో మజ్జ రక్తం తయారుచేయడం దాదాపు మానేసింది. ఇంకొకరి మజ్జ ఎక్కిస్తే తప్ప బతకడని జెర్సీ సిటీలో డాక్టర్ చెప్పేశాడు. అది రక్తసంబంధీకులదైతేనే సరిపడే అవకాశం ఉందట. ముక్కూ మొహం తెలియని వాళ్లలో వెతకడానికి 1984లో ఇంకా దారుల్లేవు.

తండ్రి శ్యామ్‌సుందర్ డాక్టర్‌ని వరండాలోకి తీసుకెళ్లి పావుగంట మాట్లాడాడు. డాక్టర్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. అమ్మదీ నాన్నదీ సరిపడదని శ్యామ్‌సుందర్ లోపలికొచ్చి ఉదయ్‌కి చెప్పాడు.

గుంటూరులో ఉదయ్ పుట్టిన ఆసుపత్రికి ఉత్తరం వెళ్లింది. పాత రికార్డులేవీ మిగల్లేదని నెలకు జవాబొచ్చింది. ఆ పూట తల్లి రాధారాణి అన్నం ముట్టలేదు.

మర్నాడు మంచం మీద నుంచి ఉదయ్ అడిగాడు.

"మన ఇంటిపేరు వాళ్లు ఇంకెక్కడా లేరా నాన్నా? లైబ్రరీలో సెర్చ్ చేస్తే దొరకరా?"

ఏలేటిపాటి అన్నది ఊరికొకరున్న ఇంటిపేరు కాదు. అయినా శ్యామ్‌సుందర్ నడుం కట్టాడు. శనివారం వస్తే చాలు, ఫిలడెల్ఫియా రైలెక్కి యూనివర్సిటీ లైబ్రరీకి పోయేవాడు. మన ఊళ్లలో చెదలు తినేసిన తెలుగు పుస్తకాలన్నీ అక్కడ చల్లగా, భద్రంగా ఉన్నాయి. శాసనాల సంపుటాలు, గ్రామ చరిత్రలు, జిల్లా మాన్యువళ్ల మైక్రోఫిల్ములు. కళ్లలో వత్తులు వేసుకుని చూసేవాడు.

ఒక శాసనంలో ఏలేటిపాటి మల్లయ గుడి దీపానికి ఇరవై గొర్రెలు దానమిచ్చినట్టు దొరికింది. జిరాక్స్ తెచ్చి చూపిస్తే ఉదయ్ పకపకా నవ్వాడు. ట్వంటీ షీప్‌లో తన వాటాకి ఒకటైనా రావాలన్నాడు. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. శ్యామ్‌సుందర్‌కి అంతకంటే కావలసిందేముంది? వచ్చే శనివారం ఇంకో మల్లయను వెతికి తేవాలి, అంతే.

పుస్తకాల తర్వాత టెలిఫోన్ డైరెక్టరీలు పట్టాడు. అమెరికా మొత్తం మీద ఏలేటిపాటి వాళ్లవి ఆరు ఇళ్లు తేలాయి. ఆరింటికీ ఉత్తరాలు రాశాడు. అందరూ వచ్చారు. ఇంటిపేరు కలిస్తే అన్నదమ్ములే, తెలుగువాడికి దానికి వేరే రుజువు అక్కర్లేదు. క్లీవ్‌లాండ్ నుంచి కొండల్ రావు సెలవు పెట్టి, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాడు. కాళ్లు కడుక్కోకముందే చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"ఎంత కావాలంటే అంత తీసుకోమనండి అన్నయ్యా. వాడు మన రక్తం" అన్నాడు.

రాధారాణి తలెత్తకుండా వడ్డించింది. మజ్జిగ పళ్లెంలో కాక బల్ల మీద పోసింది.

ఒక్కొక్కరివే రిపోర్టులు వచ్చాయి. సరిపడలేదు. సరిపడలేదు. ఇంకా ఎంతమందిని రప్పిస్తారని డాక్టర్ శ్యామ్‌సుందర్‌ని విడిగా పిలిచి అడిగాడు. పిల్లవాడు ఆశతో ఎదురుచూస్తున్నాడనీ, ఆ ఆశ మీదే నాలుగు మెతుకులు తింటున్నాడనీ శ్యామ్‌సుందర్ చెప్పుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు.

చివరగా కొండల్ రావు రిపోర్టు వచ్చింది. అదీ అంతే. ఫోన్‌లో ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పటికి ఉదయ్ లేచి కూర్చోలేకపోతున్నాడు. శ్యామ్‌సుందర్ మంచం పక్కన చేరి కొత్త జిరాక్స్ తీశాడు. ఏలేటిపాటి వాళ్లలో ఒక శాఖ నూరేళ్ల కింద బళ్లారి వెళ్లిపోయిందనీ, వాళ్లకి ఇవాళే రాస్తాననీ మొదలుపెట్టాడు. సగంలోనే ఆ కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బాధ దాచుకోవడం ఆయనకు ఎప్పుడూ చేతకాదు.

ఉదయ్ ఆ కాగితం మెల్లగా పక్కన పెట్టి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంక చాలు నాన్నా, నా అడాప్షన్ పేపర్స్ నాకు ట్వెల్వ్ ఇయర్స్ అప్పుడే చూశాను, వెతకడం ఆపేస్తే నువ్వేమైపోతావో అని చెప్పలేదు."