నడవనివాళ్ళు

"ఈ స్టాప్‌వాచీ పాడైంది. ఇంకోటి తియ్యి," అంది టోంకా.

"మార్చాను. ఇదీ అదే చెబుతోంది," అన్నాడు క్రొయేషియాలోని స్ప్లిట్ నగరం యూనివర్సిటీ నుంచి ఆమెతోపాటు వచ్చిన వింకో.

చర్చి మెట్ల పైన యెర్కో తాత నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. ఆయాసమే లేదు. కింద చేపల రేవు దాకా నిండిన జనం ఈలలు వేస్తున్నారు.

టోంకా స్టాప్‌వాచీ కేసి మళ్ళీ చూసింది. ఈ దీవిలోని ముసలివాళ్ళని చీటీలు తీసి రెండు జట్లుగా విడదీసింది తనే. ఒక జట్టు రోజూ పొద్దున్నే కొండెక్కి దిగాలి. రెండోది కంట్రోల్ గ్రూపు. పోల్చి చూడటానికి వాళ్ళు నడక లేకుండా ఎప్పటిలాగే ఉండాలి. వేసవి గడిచాక ఇలా మెట్లెక్కించి ఎవరి కాళ్ళు గట్టిపడ్డాయో తేల్చాలి. ఆమె డాక్టరేటు అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

యెర్కో తాత కంట్రోల్ గ్రూపు మనిషి. ఆయన వెనకే మెట్లెక్కిన పెరీనా మామ్మదీ ఆ గ్రూపే. నడిచే జట్టులో అందరికంటే చురుకైన స్తీపే కంటే ఆవిడే ముందు పైకి చేరింది. జనం కేకలకి చర్చి మీది పావురాలు లేచిపోయాయి.

"నడక మానేస్తే కాళ్ళు బాగుపడతాయని రాసేద్దామా?" అన్నాడు వింకో.

"నోరు ముయ్యి. వీళ్ళేదో దొంగచాటుగా చేశారు."

టోంకా రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరుగెత్తింది. చేరేసరికి మాట రావడం లేదు.

"కూర్చో తల్లీ. కుర్రదానివి, ఆ రొప్పేంటి?" అన్నాడు తాత.

"తాతా, నిజం చెప్పు. మీరు కూడా నడక మొదలెట్టారా?"

"మాకేం ఖర్మ? నడక వాళ్ళ పని. మేం డ్యూటీ చేసుకున్నాం, అంతే."

"ఏం డ్యూటీ?"

పెరీనా మామ్మ అందుకుంది. "ఏం డ్యూటీనా? ఆ స్తీపే సగం కొండ ఎక్కగానే అత్తిచెట్టు కింద చతికిలబడేవాడు. వాణ్ణి లేపి పైకి తోలాలి. మళ్ళీ కిందికి దిగి వెనకబడ్డవాళ్ళని అదిలించాలి. మళ్ళీ పైకి. వాళ్ళు ఒకసారి ఎక్కితే మేం మూడుసార్లు ఎక్కాం. ఒక్కరోజు నాగా పెడితే ఒట్టు."

టోంకా మెట్టు మీద కూలబడింది. "అసలు మిమ్మల్ని అదిలించమన్నదెవరు?"

యెర్కో తాత ముఖం చిన్నబోయింది.

"నువ్వే కదమ్మా మాకు కంట్రోల్ గ్రూపు అని పేరు పెట్టావు. మరి వాళ్ళని కంట్రోల్ చెయ్యొద్దూ?"